తొమ్మిదో పొట్లం

కత్తి మొన విరిగిందని పొలుసులత్త గమనించేసరికి తొమ్మిది పొట్లాలూ చేతులు దాటిపోయాయి.

శనివారం ఉదయం పదిన్నర. చేపల మార్కెట్లో మొదటి రద్దీ సద్దుమణిగింది. ఆమె తన సిమెంటు బల్ల మీద నీళ్లు గుమ్మరించి, పొలుసులు ఊడ్చి, సన్నకత్తిని గుడ్డతో తుడుస్తోంది. పెద్దకత్తి నరకడానికి, సన్నకత్తి ముల్లు వెంట కండ గీరడానికి. గుడ్డ మొన దాకా వచ్చి జారిపోవాలి. జారలేదు, పోగు పట్టుకుని ఆగింది. కత్తిని వెలుతురులోకి ఎత్తి చూసింది. సూదిలా ఉండాల్సిన మొన ఏటవాలుగా తెగి ఉంది. పోయిన ముక్క బియ్యపు గింజంత ఉంటుందేమో.

బల్ల కింద వెతికింది. తొట్టిలో, కాలువ జాలీలో, ఐసు పెట్టెలో వెతికింది. అలా వెతుకుతుండగానే గుర్తొచ్చింది. నిన్న మధ్యాహ్నం ఇంట్లో పెద్ద చేప వెన్నుముల్లుకు అంటుకున్న కండ గీరుతుంటే ‘టిక్’మని చిన్న చప్పుడైంది. ముల్లు విరిగిందనుకుంది. ఆ కండను ఉడికించి, వేళ్లతో ముళ్లు ఏరి, మెదిపి, గుడ్డూ గోధుమపిండీ కలిపి బిస్కెట్లు చేసింది. ముళ్లకు అలవాటు పడ్డ వేళ్లకు ఉక్కుముక్క తగిలినా తెలిసి ఉండదు. పొట్లానికి పన్నెండు చొప్పున తొమ్మిది పొట్లాలు కట్టి, పొద్దున్నే తొమ్మిది మంది వాడుకదారుల చేతిలో పెట్టింది. తొమ్మిది ఇళ్లలోనూ కుక్కలున్నాయి.

పొలుసులత్తకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఈ పేరు ఆమెకు మార్కెట్ పెట్టింది. ఎంత కడుక్కున్నా మోచేతి మీదో చెవి వెనకో ఒక పొలుసు మెరుస్తూనే ఉండేది. ఇరవై ఒకటో ఏట ఆ బల్ల దగ్గర నిలబడింది, ఇప్పుడు యాభై రెండు. భర్త ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, పోయి పదకొండేళ్లయింది. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక ఆడపడుచు, పెళ్లి చేసుకోని దర్జీ. వదినా ఆడపడుచులు ఒకే కప్పు కింద ఎన్నాళ్లుంటారో చూద్దామని వీధిలో వాళ్లు నెలలు లెక్కపెట్టి, చివరికి లెక్క తప్పిపోయి ఊరుకున్నారు.

నిజానికి చేపలు కోసేవాళ్లకూ కుక్కలకూ పుట్టుపగ. మొదటి ఇరవై తొమ్మిదేళ్లూ పొలుసులత్త బల్ల కింద ఒక కర్ర ఉండేది. కుక్క మూతి కనబడితే ఆ కర్ర లేచేది. దాన్ని మూలన పెట్టించింది హారన్ తాత కుక్క.

హారన్ తాత రిటైరైన లారీ డ్రైవరు. ముప్పై అయిదేళ్లు ఇంజను పక్కన కూర్చుని చెవులు రెండూ పోగొట్టుకున్నాడు. ఇప్పటికీ మాట్లాడితే ఇంజను హోరును దాటించాలన్నట్టు అరిచే మాట్లాడతాడు, అందుకే ఆ పేరు. ఎదుటివాళ్లు మెల్లగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు. ఒంటరి మనిషి. ఆయన చెవులు బొగ్గు దగ్గరున్నాయి. బొగ్గు అంటే నల్ల కుక్క. తలుపు కొడితే వచ్చి ఆయన ప్యాంటు లాగుతుంది. పొయ్యి మీద కుక్కరు కూస్తే వంటింటి వైపు, ఆయన వైపు పరుగులు తీస్తుంది.

రెండేళ్ల కిందట బొగ్గుకు జబ్బు చేసి నాలుగు రోజులు ముద్ద ముట్టలేదు. “ఏదో ఒకటి చెప్పు చెల్లెమ్మా, ఇది పోతే నేను గోడల మధ్య బతకాలి” అని హారన్ తాత బల్ల ముందు నిలబడి అరిచాడు. మార్కెట్ అంతా తిరిగి చూసింది. పొలుసులత్త ఆ రోజు మిగిలిన చేప తునకలు ఇంటికి తీసుకెళ్లి ఉడకబెట్టి, ఆడపడుచు కేకులు చేస్తానని కొని ఒక్క కేకూ చేయని చిన్న ఓవెన్లో సన్నసెగ మీద చెక్కలా ఎండేదాకా ఉంచింది. వాసనకే బొగ్గు లేచి కూర్చుంది. ఆ తర్వాత ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, కుక్కలున్న వాడుకదారులు ఒక్కొక్కరే అడగడం మొదలుపెట్టారు. శుక్రవారం చేయడం, శనివారం చేపతోపాటు ఊరికే ఒక పొట్లం చేతిలో పెట్టడం ఆమెకు అలవాటైపోయింది. చేప కోసిన చేతిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఈ పొట్లం ఇచ్చిన చేతిని మాత్రం కుక్కలు వీధి చివర నుంచే గుర్తుపట్టేవి. ఆ సంతోషం ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు గాని, ఆడపడుచుకు తెలుసు.

అందుకే బల్ల పక్కవాళ్లకు అప్పగించి, కత్తిని గుడ్డలో చుట్టుకుని ఆమె పరుగెత్తింది ఆడపడుచు కుట్టు దుకాణానికే.

“మార్కెట్ మధ్యలో వదిలేసి వచ్చావేంటి వదినా? చెయ్యి తెగిందా?”

పొలుసులత్త గుడ్డ విప్పి చూపించింది, చెప్పింది. ఆడపడుచు మిషను చక్రం ఆపి, ముందు వీధిలోకి తొంగిచూసి, తలుపు దగ్గరికి వేసింది.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు. బియ్యపు గింజంత ముక్క. కుక్కలు రాళ్లూ రప్పలూ తిని అరిగించుకుంటాయి. నువ్వెళ్లి తొమ్మిది గుమ్మాల్లో నిలబడి ‘మీ కుక్కకి కత్తి పెట్టాను’ అంటే రేపట్నుంచి నీ బల్ల దగ్గర చేప కోయించుకునేవాడుంటాడా? దేనికైనా ఏదైనా అయితే అప్పుడు చూద్దాం.”

ఆ ‘చెప్పకు’ అన్న మాట చెవికి చల్లగా తగిలిందని పొలుసులత్త తర్వాత తానే ఒప్పుకుంది. గ్లాసెడు నీళ్లు తాగేంతసేపు ఆమె అక్కడే నిలబడింది. ఎదురుగా గోడకు కత్తెరలు వేలాడుతున్నాయి, పెద్దవీ చిన్నవీ. అన్నిటికీ మొనలున్నాయి.

“అయ్యాక చూడ్డానికేం మిగులుతుంది?” అంది.

ఆడపడుచు ఆమె మొహం చూసి, దారం తెంపేసి లేచింది. “నీకు చెప్పడం, గోడకి చెప్పడం ఒకటే. ఎంతమంది ఫోన్ నంబర్లున్నాయి?”

నలుగురివి ఉన్నాయి. ఆడపడుచు ఫోన్లు అందుకుంది. పొలుసులత్త ముందుగా హారన్ తాత ఇంటికి వెళ్లింది. దగ్గరా అదే, భయమూ బొగ్గు గురించే.

తలుపు వేసి ఉంది. కొట్టింది. ఎప్పుడైనా వేలు తలుపును తాకీ తాకకముందే లోపల బొగ్గు మొరిగేది. ఇప్పుడేమీ లేదు. అరచేత్తో బాదింది. లోపల నుంచి గోళ్ల చప్పుడు కూడా లేదు. కిటికీ సందులోంచి చూస్తే బొగ్గు గిన్నె, దాని పక్కన మడత దుప్పటి కనిపించాయి. దుప్పటి మీద ఏమైనా ఉందో లేదో కర్టెను అడ్డం వచ్చి తెలియలేదు. ఇద్దరూ బయటికి వెళ్లి ఉంటారు. వెళ్లే ఉంటారు. ఆ మాట నాలుగుసార్లు అనుకుని, చేతిసంచీలో ఉన్న చీటీ మీద ‘బిస్కెట్లు పెట్టొద్దు. మళ్లీ వస్తున్నాను’ అని రాసి తలుపు సందులో దూర్చి, మిగతా నాలుగిళ్లకు కదిలింది.

రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ ఇంట్లో రెండు తెల్లకుక్కలు. ఆదివారం స్నానం చేయించాకే వాటికి బిస్కెట్లు. పొట్లం విప్పనేలేదు. ఆవిడ సంగతంతా విని, పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకుని గేటు అవతల పెట్టింది. “నమ్మినందుకు బాగా బుద్ధి చెప్పావు. ఇకముందు నీ చేతి వస్తువేదీ నా గుమ్మం తొక్కకూడదు” అంది. పొలుసులత్త వంగి పొట్లం తీసుకుంది. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు.

మంగలి దుకాణంలో పొట్లం విప్పి ఉంది. లెక్కపెడితే పదకొండే ఉన్నాయి.

“ఒకటేది? కుక్కకి పెట్టావా?”

మంగలి కత్తెర చేతిలో పట్టుకుని నేల చూపులు చూశాడు. “కుక్క ఇంకా ఇంటి దగ్గరే ఉందత్తా. ఒకటి… నేనే తిన్నాను. వాసన బాగుందని.”

“నమిలావా, మింగావా?”

“నమిలే తిన్నాను. పళ్లన్నీ ఉన్నాయి, చూడు” అని నోరు తెరిచాడు. కుర్చీలో సగం గడ్డంతో ఉన్నవాడు పగలబడి నవ్వాడు. పొలుసులత్త నవ్వలేదు. నిజంగానే ఆ నోట్లోకి తొంగిచూసి, పొట్లం లాక్కుని వెళ్లిపోయింది.

ఒంటిగంట అయ్యేసరికి ఎనిమిది పొట్లాలూ కుట్టు దుకాణానికి చేరాయి. ఏ కుక్కా ఒక్క ముక్క కూడా ముట్టలేదు. కొందరు సాయంత్రానికని దాచారు, ఒకాయన కారులోనే మర్చిపోయాడు. ఆడపడుచు గుడ్డ కత్తిరించే బల్ల మీద తెల్ల దుప్పటి పరిచింది. ఇద్దరూ చెరో పక్క నిలబడి బిస్కెట్లన్నిటినీ చిదిమి పొడి చేశారు. చేప వాసన దుకాణమంతా పట్టింది. ఆడపడుచు నేల మీద గుండుసూదులు ఏరే అయస్కాంతం తెచ్చి, ఆ పొడి మీద మెల్లగా తిప్పసాగింది.

‘టక్’మంది.

పొలుసులత్త రెండు చేతులూ బల్లకు ఆనించింది. అయస్కాంతానికి గుండుసూది వేలాడుతోంది. దుప్పటి మడతలో ఎప్పటిదో. మళ్లీ ‘టక్’మంది. అదీ గుండుసూదే. ఆ తర్వాత మూడుసార్లు తిప్పినా ఏమీ రాలేదు. ఆడపడుచు దుప్పటి కొసలు పట్టుకుని పొడినంతా ఒక పక్కకు పోసి, వేళ్లతో గింజ గింజా చూసింది. లేదు.

“వదినా,” అంది, ఆమె గొంతు మొదటిసారి తగ్గింది, “ఇక తొమ్మిదోదే.”

ఈసారి ఇద్దరూ వెళ్లారు. తలుపు తెరిచి ఉంది. హారన్ తాత చెప్పులు కూడా విడవకుండా చీటీ చదువుతున్నాడు. బొగ్గు తోకాడించుకుంటూ ఎదురొచ్చి, పొలుసులత్త వేళ్లన్నీ ఒక్కొక్కటే వాసన చూసి నాకింది. బల్ల మీద పొట్లం కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది.

“ఏంటి చెల్లెమ్మా, పెట్టొద్దని రాశావు?” హారన్ తాత అరిచాడు. “ఏటిగట్టుకి పోయాం. దార్లోనే అన్నీ లాగించేశాడు! ఇవాళ వీడికి మంచి ఆకలి!”

పొలుసులత్త నోరు విప్పింది. ఏడుపు ముందొచ్చి పెదాలు వంకరపోయాయి. హారన్ తాత కళ్లు చిట్లించి చూశాడు. “మెల్లగా. ఏమంటున్నావో తెలియట్లేదు.”

ఆడపడుచు చెప్పబోయింది. పొలుసులత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, గుడ్డ విప్పి కత్తి బయటికి తీసింది. విరిగిన చోట వేలుపెట్టి చూపించింది. తర్వాత మడత పెట్టిన పొట్లం కాగితాన్ని చూపించింది. చివరికి మోకాళ్ల మీద కూర్చుని బొగ్గు పొట్ట మీద చెయ్యి వేసింది. ఆట అనుకుని బొగ్గు వెల్లకిలా పడుకుంది.

హారన్ తాత మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, ఆపడం మర్చిపోయినట్టు.

“ఎంత?” అన్నాడు. ఆయన అంత చిన్నగా మాట్లాడగలడని వాళ్లకు తెలియదు.

ఆమె చిటికెన వేలి గోటి కొస చూపించింది. ఆయన గోడ మేకుకున్న పట్టీ తీసి బొగ్గు మెడకు తగిలించబోయాడు. కొక్కెం రెండుసార్లు జారింది. ఆడపడుచు తగిలించింది.

పశువుల డాక్టరమ్మ ఆసుపత్రి రెండు వీధుల అవతల. శనివారం రెండింటికి మూసేస్తారు. వీళ్లు వెళ్లేసరికి అక్కడి ఉద్యోగి షట్టరు సగం దించాడు. “సోమవారం రండి” అంటున్నాడు. ఆడపడుచు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ షట్టరు కింద గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“దించు నాయనా. నా నెత్తి మీదే దించు. సోమవారం తీద్దువుగాని.”

గొడవ విని డాక్టరమ్మ బయటికొచ్చింది. పొలుసులత్త ఈసారి ఏడవకుండా, ఒక్క మాట దాచకుండా చెప్పింది. ఏ కత్తి, ఎంత ముక్క, కుక్క ఎప్పుడు తింది. డాక్టరమ్మ మధ్యలో ఆపలేదు. చెప్పడం పూర్తయ్యాక షట్టరు ఎత్తించింది.

ఎక్స్‌రేలో బొగ్గు పొట్ట బూడిదరంగు మబ్బులా ఉంది. ఆ మబ్బులో చిన్న తెల్ల గీత.

“ఇంకా పొట్టలోనే ఉంది, చివర్లో. కొంచెం జరిగితే పేగుల్లోకి దిగుతుంది. దిగాక దాన్ని వెతకడం, అది ఎక్కడైనా గుచ్చుకుంటే కాపాడటం, రెండూ కష్టం. ఇప్పుడే కోసి తీయాలి.” డాక్టరమ్మ హారన్ తాతకు ఎదురుగా తిరిగి మెల్లగా అంది. “కానీ కడుపునిండా తిని ఉంది. వయసు ఎనిమిదేళ్లు. మత్తులో వాంతయితే ఊపిరాడకపోవచ్చు. మేం జాగ్రత్తపడతాం, కానీ మాట ఇవ్వలేను.”

ఆయన ఒప్పుకోలు కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి సంతకం పెట్టాడు. బొగ్గును లోపలికి తీసుకెళ్లారు. అది వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. తలుపు మూసుకుంది.

బయట గదిలో ఎదురెదురుగా రెండు బెంచీలు. హారన్ తాత ఒకదాని మీద, వదినా ఆడపడుచులు రెండోదాని మీద కూర్చున్నారు. ఆయన గోడగడియారాన్ని చూస్తున్నాడు గాని పొలుసులత్త వైపు చూపు తిప్పలేదు. ఆమె కూడా చూడమని అడగలేదు. పావుగంట గడిచింది. లోపల ఏదో లోహపు పళ్లెం దభీమని పడింది. పొలుసులత్త ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటు చూసి హారన్ తాత లేచి నిలబడ్డాడు.

“ఏంటి? ఏం వినిపించింది?”

“పళ్లెం. పళ్లెం పడిందన్నయ్యా” అని ఆమె పెదాలు విప్పి, చేతులతో గుండ్రంగా చూపించి చెప్పింది.

ఆయన కూర్చున్నాడు. ఆ తర్వాత ఇక గడియారం వైపు చూడలేదు. లోపల ఏం జరుగుతోందో ఆయనకు తెలిసే దారి ఒక్కటే మిగిలింది, ఆమె మొహం. ఎవరి చేతివల్ల ఈ గతి పట్టిందో ఆ మనిషి మొహాన్నే రెప్ప వేయకుండా చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. పొలుసులత్తకు తల దించుకోవాలని, ఎటైనా పారిపోవాలని ఉంది. దించుకోలేదు. దించుకుంటే ఆయనకు ఆ ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. లోపల కుళాయి తిప్పితే ‘నీళ్లు’ అంది. ఎవరో నడిస్తే ‘అడుగులు’ అంది. ఒకసారి డాక్టరమ్మ గొంతు గట్టిగా, తొందరగా వినిపించింది, వెంటనే పరుగులు. ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు. “తెలియట్లేదు” అంది. ఆడపడుచు, ఎప్పుడూ మాటకు కరువులేని మనిషి, చీర కొంగును వేళ్లకు చుట్టి విప్పుతూ కూర్చుంది.

నాలుగవుతుండగా తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతిలో చిన్న గిన్నె, అందులో దూది మీద ఉక్కు గింజ.

“మధ్యలో ఊపిరి ఇబ్బంది పెట్టింది. ఇప్పుడు సర్దుకుంది. రెండు రోజులు గడవాలి” అంది. తర్వాత పొలుసులత్త వైపు తిరిగి, “ఏం వెతకాలో తెలిసి వెతికాం కాబట్టి దొరికింది. వాంతులు మొదలయ్యాక వచ్చుంటే నేను చేసేదేమీ ఉండేది కాదు” అంది. అందులో మెచ్చుకోలు లేదు, తిట్టూ లేదు.

హారన్ తాత ఆ గింజను చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాతి రోజుల్లో పొలుసులత్త రోజూ ఆయన ఇంటి గేటు దగ్గరికి వెళ్లి నిలబడేది. పిలిచినా వినబడదు, మొరిగేందుకు బొగ్గు లేవదు. ఆయనే కిటికీలోంచి చూసి బయటికొచ్చేవాడు. లోపలికి రమ్మనేవాడు కాదు. “జ్వరం ఉంది!” అని వీధంతా వినబడేలా అరిచి తలుపు వేసుకునేవాడు. నాలుగోరోజున “నీళ్లు తాగాడు!” అని అరిచాడు. తొమ్మిదోరోజున “మెట్లు దిగాడు! ఇక రానక్కర్లేదు!” అన్నాడు. ఆ రెండో మాట కోపమో, భరోసానో తెలియక ఆమె ఇంటికి నడిచొచ్చింది.

మార్కెట్లో సంగతి దావానలంలా పాకింది. కొందరు వాడుకదారులు పక్క బల్లలకు మళ్లారు. “అత్తా, చేపలో కత్తి వస్తుందా, కత్తిలో చేప వస్తుందా?” అని పరిహాసాలు. ఆమె వింటూనే చేపల తలలు కోస్తూ పోయింది. ఓవెన్ మీద ఆడపడుచు పాత గుడ్డ కప్పింది. శుక్రవారాలు ఊరికే గడిచాయి. చేప తునకలు చెత్తబుట్టలోకి వెళ్లేటప్పుడు మాత్రం పొలుసులత్త అటు చూసేది కాదు.

ఆరో వారంలో హారన్ తాత బొగ్గుతో సహా బల్ల ముందు ప్రత్యక్షమయ్యాడు. బొగ్గు పొట్ట మీద గొరిగిన చోట వెంట్రుకలు పొట్టిగా మొలుస్తున్నాయి.

“వీడు దేన్నీ ఇష్టంగా తినట్లేదు. మళ్లీ చెయ్యి.”

ఆమె అడ్డంగా తల ఊపింది. “నావల్ల కాదన్నయ్యా.”

“నా వంటింట్లో చెయ్యి. నా కళ్లెదుట.”

“వద్దన్నయ్యా. నా చేతుల మీద నాకే నమ్మకం…”

హారన్ తాత కళ్లు మూసుకున్నాడు. చెవిటివాడితో వాదించవచ్చు. కళ్లు మూసుకున్న చెవిటివాడితో ఎవరు వాదించగలరు? మార్కెట్ నవ్వుతుండగా ఆయన అలాగే నిలబడ్డాడు, ఆమె బల్ల దాటి వచ్చి ఆయన భుజం తట్టేదాకా. కళ్లు తెరిచాక ఆమె తల ఈసారి నిలువుగా ఊగింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఆయన వంటింటికి వెళ్లింది. కత్తి తీసుకెళ్లలేదు. చేపను అలాగే ఉడికించి, చల్లారాక కండను వేళ్లతో విడదీసింది. దాన్ని పళ్లెంలో పల్చగా పరిచి, కిటికీ దగ్గర నిలబడి ముల్లు ముల్లూ ఏరింది. మళ్లీ ఏరింది. హారన్ తాత స్టూలు వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని మూడోసారి తనే ఏరాడు. ఒక్క ముల్లు దొరికితే పైకెత్తి చూపించి, పక్కన పెట్టాడు. ఆమె చేతులు వణుకుతుంటే పిండి బల్ల మీద చింది పడింది.

“వణుకుతున్నాయి” అన్నాడు ఆయన.

“వణుకుతాయన్నయ్యా.”

“వణకనీ.”

ఆ రోజు ఆరే చేసింది. బిస్కెట్లు చల్లారాక బొగ్గు ముందు ఒకటి పెట్టి, అది నమిలి మింగేదాకా దాని గొంతు వైపే చూస్తూ నేల మీద కూర్చుండిపోయింది. బొగ్గు ఇంకొకటి కావాలని ఆమె మోకాలి మీద పాదం వేసింది. నాలుగు తింది. మిగిలిన రెండింటినీ హారన్ తాత డబ్బాలో వేసి మూత బిగించాడు.

“వచ్చే శుక్రవారం కాస్త ముందుగా రా చెల్లెమ్మా,” అన్నాడు, “ఎండ ఉండగానే వీణ్ని తిప్పుకురావాలి.”

ఆమె పళ్లెం కడిగి బోర్లించి, సరేనంది.